ఎదురుపురి

ఉప్పల్‌లో ఒకరి డాబా మీది గదిలో ఆదివారం ఉదయాలు ఎనిమిది మందిమి కూర్చుని నూలు వడికేవాళ్ళం. అందరివీ చేత్తో తిప్పే రాట్నాలు. నాదొక్కటే కరెంటుది. కుదురుగా కూర్చుని చక్రం తిప్పడం నా వల్ల కాలేదు. బడి చదువు పదో తరగతితో ఆగినా, పత్తి గురించీ, నూలు మెలి తిరిగే పురి గురించీ గ్రంథాలయంలో దొరికినవన్నీ చదివాను. ఎవరి పోగు తెగినా కారణం నేనే చెప్పేవాణ్ణి.

నాచారం మందుల కంపెనీలో ప్యాకింగ్ చేసే ఒక అక్క చెంగిచెర్ల నుంచి బస్సులో వచ్చేది. ఆమె పనిచేసే చోట, ఆమె పెద్దమ్మా అని పిలిచే పెద్దావిడ ఒకరు రిటైరవుతున్నారు.

"శాలువాలు అందరేస్తరు తమ్మీ. నేను నా చేతులతోని చేసిన కండువా ఏస్త."

నాలుగు ఆదివారాలు వడికింది. గట్టిగా ఉండాలంటే రెండు పోగులు కలిపి పేనాలి. రెండో పోగుకు ఆమెకు టైము లేదు.

"నాకిడిచిపెట్టక్కా, రెండు సాయంత్రాల పని" అన్నాను.

అన్నట్టే ముగించాను. తర్వాతి ఆదివారం నా మిషన్ మీదే పేనడం మొదలుపెట్టాం. కాసేపటికే నా పోగు మెలికలు పడింది, ఆమె పోగు దూదిలా వదులైంది.

"నీ నూలుకు పురి సాలలేదక్కా. ఇంకింత ఎక్కిస్తే గట్టిపడుతది, నేను చదివిన."

ఎక్కించాను. ఆమె పోగు విడిపోయి తెగింది. అక్క అతికింది. మళ్ళీ తెగింది.

"నా నూలు ఎన్నడన్న తెగిందా గిట్ల?"

పక్కనున్న రైల్వే రిటైర్డ్ బాబాయి రాట్నం ఆపకుండానే అన్నారు: "పుస్తకంలో తెగదనే రాసుంటుందయ్యా. నూలుకి చదువు రాదు కదా!"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

కూర్చోలేక లేచి పిట్టగోడ దాకా వెళ్ళాను. మెట్రో పోతుంటే చూసి వెనక్కి వచ్చాను. మళ్ళీ వెళ్ళాను. మూడోసారి వచ్చినప్పుడు మిషన్ పక్కనున్న బటన్ కంటబడింది.

వడికేటప్పుడు చక్రం ఒకవైపు తిరగాలి, పేనేటప్పుడు రెండోవైపు. అంతకుముందెప్పుడో పేనడానికి మార్చిన బటన్ను నేను తిరిగి మార్చలేదు. నా పోగంతా ఎదురుపురితో వడికాను. అందుకే పేనేకొద్దీ నాది బిగుసుకుంది, ఆమెది విడిపోయింది.

"అక్కా, నీ నూలు మంచిగనే ఉంది. తప్పు నాదే" అని బటన్ చూపించాను.

"ముంగట సూసుకోవద్దా? ఒక ఆదివారం నూలు పాయె."

పాడైనంత మేర కత్తిరించింది. సంచీలోంచి దూది ఏకుల కట్ట తీసి నా ఒళ్ళో పడేసింది.

"ఫంక్షన్‌కు ఇంక పది దినాలున్నయ్. నీ పోగు మళ్ళ వడుకు. మిషన్ మీదనే వడుకు, రాట్నం కాడ నువ్వు పది నిమిషాలు కూసోవు."

వడికాను. మధ్యలో ఎన్నిసార్లు లేచి ఆ బటన్ చూశానో నాకే తెలియదు. రెండూ కలిపి పేనాక, గదిలోని చిన్న మగ్గం మీద ఆమే నేసింది. కండువా మూరెడు పొట్టిగా వచ్చింది. అయినా పెద్దావిడకు అదే వేసింది.

"గింత పొట్టిగెందుకైందే అని మా పెద్దమ్మ అడిగింది" అని తర్వాతి వారం చెప్పింది.

"ఏం చెప్పినవ్?"

"మా తమ్ముడు మస్తు చదివిండు అని చెప్పిన."