సొరంగంలో దీపపు గూడు

అన్నయ్య రంగూన్ నుంచి పంపిన, కీ ఇస్తే నడిచే బొమ్మ రైలుకు ఈ రోజు పెరట్లో దారి పూర్తయింది. మా ఆవిడ పట్టాల పక్కన గవ్వలు పరిచింది. నేను బంకమట్టితో సొరంగం కట్టాను. రైలు అందులోకి దూరగానే, పలాసలో పొగబండిని చూస్తేనే వెనక్కి జరిగే మా అమ్మ కంగారుపడింది.

"లోపల జనాలు సీకట్లో బయపడిపోరేట్రా?"

"బొమ్మ రైలమ్మా. లోపల ఎవులూ నేరు."

"నేకపోతే మాత్రం? దీపం నేకుండా పంపుతావేటి?"

అమ్మ సొరంగం పచ్చిమట్టి గోడలో వేలితో గూడు తొలిచి, చిన్న ప్రమిద వెలిగించింది. మళ్ళీ కీ తిప్పాను. ముగ్గురమూ నేలకు చెంప ఆనించి చూశాం. చీకట్లో ఒక్కో కిటికీ బంగారంలా వెలుగుతూ ముందుకు సాగింది. నిజం చెప్పొద్దూ, ఆ కిటికీల్లో నాకు మనుషులు కనిపించారు.

ఇక లోపల ఎవరూ లేరని అమ్మతో ఏ మొహం పెట్టుకుని అనను? మీరే చెప్పండి.