వల మీద బోర్లా పెట్టిన టీవీ

డబ్బా టీవీలు పోయి పల్చటి టీవీలు వస్తున్న ఆ రోజుల్లో, డిప్లొమా చదివిన కుర్రాడు చుట్టాల్లో ఒకడుంటే చాలు, ఫ్యాను తిరక్కపోయినా, మిక్సీ అరిచినా వాడికే కబురు. నేను చదివింది సివిల్ అంటే ఎవరూ వినేవారు కాదు (నేనూ అంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు లెండి, ఆ గౌరవం బాగానే ఉండేది). అలాగే ఒక రోజు కళింగపట్నం నుంచి మా మేనమామ భార్య, అంటే మా అత్త, ఫోన్ చేసింది. "టీవీ వచ్చినాది రా. కాళ్ళు ఏరేగా ఇచ్చినారు. వచ్చి బిగించీ." పక్షవాతం వచ్చి మావ మంచాన పడిన ఏడాది అది. రోజూ చేపల వేటకెళ్ళిన మనిషి, గుమ్మంలోంచి సముద్రం కేసి చూస్తూ పడుకునేవాడు. ఆ చూపు కాస్త ఇటు తిప్పాలనే అత్త టీవీ తెప్పించింది.

జేబులో స్క్రూడ్రైవరు పెట్టుకుని దొరలా దిగాను. పెట్టెలోని కాగితం పైకి చదివాను: తెరను మెత్తటి, చదునైన చోట బోర్లా పెట్టి కాళ్ళు బిగించాలట. ఇంట్లో మెత్తటిది ఒక్క బొంతే, అది మావ కింద ఉంది. "ఓపాలి మావని లేపి బొంత లాగీరా" అంది అత్త. మావ ముఖం ఎర్రబడింది. "నన్నెవులూ ఎత్తక్కర్నేదు. మూల నా వల ఉన్నాది కాదేటి, పాత సీరలో సుట్టి? దాని మీదెట్టు. పరుపు కన్నా మెత్తగుంటాది." కాలు బాగుపడగానే వేటకెళ్తానని ఆ మూటను ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. తీసెయ్యమని అత్త రోజూ పోరేది. అలాంటిది ఆయనే ఇచ్చాడు. పైగా మంచం మీంచే ఆజ్ఞలు: "మెల్లిగా దించు... ఎడం పక్క సూడు... నొక్కిపట్టుకో, లేపోతే స్క్రూ ఎక్కదు." ఆ గొంతులో పడవ మీది దర్జా తిరిగొచ్చినట్టనిపించి, అత్త కళ్ళు మెరిశాయి. నేను మోచేత్తో అదిమిపెట్టి మరీ బిగించాను.

టీవీని బల్ల మీద నిలబెట్టి ఊపి చూశాను. కదిలితే ఒట్టు. "ఇంజినీరంటే అలగుండాల!" అన్నాడు మావ. స్విచ్చి వేశాను. తెర నిండా నల్లటి మరకలు, రంగు గీతలు; వార్తలు చదివే అమ్మాయికి ఒక చెవి, కాస్త జడ మిగిలాయి. నాకు నవ్వాగలేదు (భయం వేస్తే నాకు నవ్వే వస్తుంది, ఇప్పటికీ). అత్త పరుగున వెళ్ళి మూట విప్పింది. వల అంచు పొడుగునా సీసం గుళ్ళు. అవి లేకపోతే వల నీళ్ళలోకి దిగదు. శ్రీకాకుళం టౌన్లో పెరిగిన నాకు ఆ సంగతి తెలియకపోవడంలో వింత లేదు.

మావ చాలాసేపు ఆ గుళ్ళనే చూశాడు. "వలకి గుళ్ళుంటాయని మరిసిపోనాను రా అల్లుడా" అన్నాడు. తర్వాత అత్తతో, "ఇచ్చీయే దాన్ని. ఏటకెళ్ళేవోడెవుడికైనా ఇచ్చీ" అన్నాడు. రోజూ పోరిన అత్త వలను ఒళ్ళోకి లాక్కుని, "ఇప్పుడేటి తొందర? ఉండనీ" అంటూ ఏడ్చింది.

"ఏడవకత్తా, గ్యారంటీ ఉన్నాది, మార్చిస్తారు" అన్నాను ధైర్యంగా. మావ పనిచేసే చేత్తో నా తల నిమిరి, "అలాగే రా, మార్పిద్దుం" అన్నాడు. వాళ్ళిద్దరి బాధా టీవీ కోసమే అనుకుని, శ్రద్ధగా ఆ కాళ్ళు మళ్ళీ ఊడదీయడానికి కూర్చున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. మావ లేడు. ఆ నవ్వు మాత్రం ఎప్పుడూ సగంలోనే ఆగిపోతుంది.