చదవని కార్డు

మా అన్నయ్య ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. మందుల డబ్బాల్లో మడతపెట్టి పెడతారే, ఎవరూ చదవని కాగితాలు, అవన్నీ ఆయన చదివినవే. ఒక్కో లైను కింద స్టీలు స్కేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదువుతాడు. "నా మొహం కింద కూడా ఆ స్కేలు పెడితే బావుండు, కాస్త చూసినట్టుండేది" అని వదిన ఏడిపించేది.

ఆదివారం మాత్రం స్కేలుకు సెలవు. ఆరోజు బొమ్మల షాపు వెనక గదిలో మేం కార్డులాట ఆడేవాళ్లం. పేకాట కాదు. కోటలు, గుర్రాలు, కాలిబంట్లు ఉండే ఆట. ఏ కార్డు ఏం చేయగలదో దాని మీదే రాసి ఉంటుంది. ఒకటి చెయ్యమంటుంది, ఇంకోటి వద్దంటుంది, ఇక గొడవే. దాన్ని తీర్చే జడ్జి మా అన్నయ్య.

"ఒక కార్డు చెయ్యాలని, ఇంకోటి చెయ్యకూడదని అంటే, కూడదన్నదే నెగ్గుతుంది. మా ఇంట్లోనూ అంతే" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. కార్డు చేతిలోకి తీసుకునేవాడే కాదు, అన్నీ కంఠతా వచ్చు. నాకు అది చూస్తే ఎంత గర్వంగా ఉండేదో!

ఆ ఏడాది ఫైనల్లో మిగిలింది నేను, మా వీధిలో బట్టలు కుట్టే టైలరమ్మ. గెలిచినవాళ్లకు పెద్ద పోటీలో చోటు. ఆవిడ ఆ చోటు కోసం మూడేళ్లు కష్టపడింది. నేనా, ఊసుపోక ఆడేవాణ్ని. తమ్ముడి ఆటకు అన్న జడ్జేమిటని ఒక్కరూ అడగలేదు. ఆయనంటే అంత నమ్మకం.

ఆవిడ గుర్రం ప్రతి వంతులోనూ దాడి చేసి తీరాలి. నా కోట ఉన్నంతసేపు ఎదుటి కార్డులేవీ దాడి చేయకూడదని అన్నయ్య ఎప్పుడూ చెప్పే మాట. ఆ గుర్రం కదిలితే నా పని అయిపోయినట్టే. అన్నయ్యను పిలిచాం.

"కూడదన్నదే నెగ్గుతుంది. గుర్రం ఆగాలమ్మా" అన్నాడు.

"ఒక్కసారి ఆ కోట కార్డు చదవండి సార్."

"అక్కర్లేదమ్మా, నాకు కంఠతా వచ్చు."

ఆయనకు వచ్చింది పాత అచ్చు. నా చేతిలో ఉన్నది ఆ వారమే కొన్న కొత్త అచ్చు. అందులో 'ఎదుటి కార్డులేవీ' తీసేసి 'ఎదుటి కాలిబంట్లేవీ' అని మార్చారు. ఏ కార్డుతో ఆడితే దాని మీదున్న మాటే చెల్లుతుంది. అంటే గుర్రానికి అడ్డే లేదు. ఆ సంగతి నాకు తెలుసు. నా బొటనవేలు సరిగ్గా ఆ లైను మీద ఉంది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

టైలరమ్మ కార్డులు సర్దుకుని, నాకు షేక్‌హ్యాండిచ్చి మరీ వెళ్లింది. పెద్ద పోటీకి వెళ్లి మొదటి ఆటలోనే ఓడి వచ్చాను.

నెల తర్వాత షాపులో ఎవరో ప్యాకెట్ విప్పితే అన్నయ్య కొత్త కోటను చూశాడు. అప్పుడు నా కార్డు అడిగి తీసుకున్నాడు. జేబులోంచి బస్సు టిక్కెట్టు తీసి లైను కింద పెట్టుకుని, రెండుసార్లు చదివాడు. నేరుగా టైలరమ్మ దగ్గరికి వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. మిషను ఆపకుండానే ఆవిడ అంది: "పోనివ్వండి సార్. మీరు కావాలని చేస్తారా?"

ఆ మాట ఆయనకు తగిలిందో లేదో గానీ, నాకు మాత్రం గుచ్చుకుంది.

ఆ తర్వాత ఆయన జడ్జిగా కూర్చోలేదు. షాపతను రెండుసార్లు ఇంటికొచ్చి బతిమాలాడు. "చదవకుండా తీర్పు చెప్పినవాణ్ని, నన్ను పిలవకండి" అన్నాడు. ఇప్పుడు ఆదివారాలు కూడా మందుల కాగితాలే.

ఆరోజు టైలరమ్మ దగ్గర్నుంచి తిరిగి వస్తుంటే దారిలో అడిగాడు: "నువ్వైనా చూసుకోలేదురా?"

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం మళ్లీ రాలేదు. "లేదన్నయ్యా" అన్నాను.

"అవున్లే, చూసుంటే చెప్పేవాడివే" అని నా భుజం మీద చెయ్యి వేశాడు.