మందు మానొద్దని చెప్పని రోజు

తొంభైల చివర్లో బాన్సువాడ బస్టాండు దగ్గర ఒక మెడికల్ షాపులో ఫార్మసిస్టుగా పనిచేసేవాణ్ణి. బీడీలు చుట్టే ఒకామె నెలకోసారి మా షాపుకు వచ్చేది. పాతికేళ్లు ఉంటాయేమో. చిన్నప్పటి నుంచి ఆమెకు ఫిట్స్. రోజూ గోలీలు వేసుకుంటే రావు. పెళ్లప్పుడు పుట్టింటివాళ్లు దాచారు, తరవాత భర్తకు చెప్పే ధైర్యం ఆమెకు రాలేదు. అందుకని గోలీలు పట్టీలోంచి తీసి ఉత్త కాగితంలో కట్టివ్వమనేది. నేనలాగే కట్టిచ్చేవాణ్ణి.

ఒక వానాకాలం, జ్వరాల రోజులు. కౌంటర్ ముందు జనం. ఆమె పక్కనుంచి వంగి మెల్లగా అడిగింది.

“అన్నా, కడుపుతోని ఉన్న. గీ గోలీలు బిడ్డకు మంచిగ కాదని మా అవ్వ అంటుంది. బంద్ చేయాల్నా?”

నేను చీటీలోంచి తలెత్తకుండానే డాక్టరును అడగమన్నాను. అన్న మాట తప్పు కాదు. కానీ ఆమె డాక్టరు నిజామాబాద్‌లో ఉన్నాడు, అక్కడికి పోవాలంటే ఇంట్లో కారణం చెప్పాలి. అది నాకు తెలుసు. ఈ మందు ఉన్నట్టుండి ఆపితే ప్రమాదమనీ, డాక్టరును కలిసేదాకా వేసుకుంటూనే ఉండమనీ చెప్పడానికి అర నిమిషం చాలు. చెప్పలేదు. ఆమె మందు తీసుకోకుండానే వెళ్లిపోయింది.

రెండు నెలలకు ఆమె భర్త వచ్చాడు. రైస్ మిల్లులో హమాలీ. భార్య కాలువకు బట్టలుతకడానికి పోయి మోకాలి లోతు నీళ్లలో పడి చనిపోయిందని చెప్పాడు. కాలు జారిందనుకున్నారట. ఆమె పెట్టెలో మా షాపు కవరు, అందులో ఇంకా గోలీలు మిగిలున్న కాగితం పొట్లం దొరికాయని తెచ్చి చూపించాడు.

“ఏం గోలీలన్నా గివి?”

చెప్పాను. అతను ఆ పొట్లాన్ని మళ్లీ మడిచాడు.

“నాకెరుకుంటే కాలువకు ఒక్కదాన్ని పంపకపోతుంటి గదా.”

ఆమె నన్ను అడిగిన సంగతి మాత్రం అతనికి చెప్పలేకపోయాను.

అప్పటినుంచి ఫిట్స్ మందుకు ఎవరొచ్చినా జనం పలచబడేదాకా కూర్చోబెట్టేవాణ్ణి. సొంతంగా ఒక్క పూట కూడా మానొద్దనీ, ఇంట్లో ఒక్కరికైనా చెప్పుకొమ్మనీ, నీళ్ల దగ్గరికి ఒంటరిగా పోవద్దనీ చెప్పేవాణ్ణి. కొందరు విన్నారు. కొందరు విసుక్కుని ఎదురు షాపుకు మారారు. ఒక ముసలాయన తన కోడలికి అలాంటి రోగమేదీ లేదని నా మీద కోపం చేసి, మందు కౌంటర్ మీదే వదిలేసి పోయాడు. మర్నాడు ఆ మందు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆ కోడలే తలుపు తీసింది. నన్ను చూసి, మందు అందుకోకుండానే మళ్లీ వేసేసింది.