కవిత కింద సమ్మవ్వ నెంబరు

కోరుట్లలో సమ్మవ్వకు ఉన్నది ఒక్క కోడలు, ఒక్క సెల్‌ఫోను. రెండింటినీ కళ్లముందు నుంచి కదలనిచ్చేది కాదు. ఫోనును కొంగు చివర ముడేసి బొడ్లో దోపుకునేది. కోడలు ప్రేమలతను ఎదురుగా కూర్చోబెట్టుకుని, తనూ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. కొడుకు ప్రకాశ్ మస్కట్‌లో ఉన్నాడు. శుక్రవారం సెలవు నాడు వాడు ఫోన్ చేస్తే ముందు తల్లి మాట్లాడాలి, ఆ తర్వాతే పెళ్లాం.

అనుమానం సమ్మవ్వకు పుట్టుకతోనే వచ్చింది. పాలు పలచబడితే పాలు పోసేవాణ్ణి వదిలేసి బర్రెనే నిలదీసే మనిషి. అట్లాంటి మనిషి ఇంట్లో ఆ సంవత్సరం, సకల జనుల సమ్మెతో బస్సులన్నీ నిలిచిపోయిన రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున ఫోన్ మోగింది.

"నమస్కారం. ప్రేమలత గారేనా? పేపర్ల మీ కవిత చదివిన మేడం. కండ్లల్ల నీళ్లు ఆగుతలేవు."

మగ గొంతు!

"ఎవడ్రా నువ్వు? పొద్దుగాల్నే నా కోడలి పేరు వట్టుకొని ఏడుస్తున్నవ్?"

అవతల టక్కున పెట్టేశాడు. మంచివాడైతే పేరు చెప్పేవాడు కదా! పెట్టేశాడంటే ఏదో ఉన్నట్టే.

ప్రేమలత చేతిలో తునికాకు అట్లాగే ఆగిపోయింది. "పేపర్ల పడ్డదా?" అంది పైకే.

"ఏం పడ్డది? ఏం పడ్డదే?"

"ఏం లేదు అత్తమ్మా. వానకాలం పోతుందని ఒక కవిత. పంపిస్తే ఏసిండ్రు. కింద ఫోన్ నెంబర్ సుత ఏస్తరని నాకు తెల్వది."

"నువ్వే రాసినవా?"

ప్రేమలత చాటలోకి చూస్తూ ఊఁ అంది. ఆ ఊఁ సమ్మవ్వకు ఏమాత్రం నచ్చలేదు.

ఇంకేముంది, ఫోన్లు ఆగలేదు. జగిత్యాలలో దీక్ష టెంట్ కింద నుంచి ఎవరో పిల్లగాడు గరంగరంగా మాట్లాడాడు. "అందరం కొట్లాడుతుంటే వాన పోయింది, ఆకు రాలింది అని ఏడుసుడేంది? ఉద్యమం సల్లారిందనా మీ మతలబు?" సమ్మవ్వకు మతలబు అన్న ఒక్క మాట చెవిలో పడింది. దాన్ని జాగ్రత్తగా పట్టుకుంది.

తర్వాత ఒక బరువు గొంతు. తానెవరో చెప్పలేదు గానీ, ఠాణాలో నిలదీసినట్టు అడిగాడు. "ఆకులన్నీ ఒక్కపారే రాలుతయని రాసిండ్రు. అంటే ఏంది? ఏ తారీఖు?"

"చెట్టునడుగు పో!" అని ఫోన్ పెట్టేసింది. ఊరూవాడా మగవాళ్లు తారీఖులు అడుగుతున్నారంటే ఏమనుకోవాలి?

బీడీ చుడుతూ లెక్కలు కట్టింది. పోయిన నెల ఒక శుక్రవారం కోడలు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఏదో రాసుకుంటుండగా చూసింది. ఏంటని అడిగితే సామాన్ల చిట్టీ అంది. దసరాకు వస్తానన్న ప్రకాశ్ ఉన్నట్టుండి సెలవు దొరకలేదన్నాడు. దొరకకపోవడమేమిటి! ఇదే వద్దని ఉంటుంది. వాడు వస్తే దీని ఆట సాగదు. ఇప్పుడేమో ఎవడో పోయినవాడి కోసం పేపర్లో ఏడుపు, కింద ఫోన్ నెంబరు!

ఆ కవితలో ఏముందో తెలుసుకుందామంటే తనకు చదువు రాదు. పక్కింటి వాళ్లతో చదివించుకుంటే ఇంటి పరువు బజారున పడుతుంది. కోడల్ని చదవమంటే అసలైన మాటలు మింగేయదా? మధ్యాహ్నానికల్లా ఆమె గొల్లపల్లిలో ఉన్న ప్రేమలత అన్న వినోద్‌కు ఫోన్ చేసింది.

"బతుకమ్మకు నీ చెల్లెను తోలుకపో బిడ్డా. మళ్ల తోలుకరాకు."

ప్రేమలత విన్నది. ఏడవలేదు, కాళ్లు పట్టుకోలేదు. లేచి సంచిలో చీరలు సర్దుకుంది. తప్పు లేనిది ఒక్క మాటైనా ఎదురు చెప్పదా? సమ్మవ్వ అనుమానం అక్కడితో రూఢి అయిపోయింది.

మర్నాడు వినోద్ జగిత్యాల దగ్గర రాస్తారోకోలో ఇరుక్కుని, ఎండకు మాడిపోయిన ముఖంతో బండి దిగాడు. "ఏమైంది అత్తమ్మా?" అని అడుగుతుండగానే మళ్లీ ఫోన్ మోగింది. సమ్మవ్వకు ఒక ఉపాయం తట్టింది. ఫోన్ చేసినవాడి నోటితోనే అంతా బయటికి లాగి, ఆ అన్న ముందే కోడలి బండారం తేల్చాలి. స్పీకర్ పెట్టమని వినోద్ చేతికిచ్చి, గొంతు సన్నం చేసుకుంది.

"ప్రేమలతనే మాట్లాడుతున్న. ఎవలు?"

"సిరిసిల్ల నుంచి హన్మంతునమ్మా. సాంచెల మీద బట్ట నేస్తం. కరెంటు లేక సాంచెలు బందున్నయి. నిన్నటి సంది మీ కవితనే సదువుకుంటున్న."

"అట్లనా? ఏం నచ్చిందో జర సదువుండ్రి."

హన్మంతు సంబరపడి గొంతు సవరించుకున్నాడు.

"వానా, పొయ్యేటప్పుడు చెప్పి పోవు నువ్వు.
గునుగు పూసినంక తెలుస్తది, నువ్వు లేవని."

సమ్మవ్వ వినోద్ వంక చూసింది. విన్నవా అన్నట్టు తలాడించింది.

"సూరు కింద బోర్లిచ్చిన ఇత్తడి తాంబాళం మీద
తొలి చినుకు టంగుమంటే లేచిన పిలగాడు
ఇప్పుడు కండ్లు తెరుచుకొనే పండుకుంటుండు."

సమ్మవ్వ తల ఆడటం ఆగిపోయింది.

ఆ తాంబాళం ఆమెదే. తొలివాన తను నిద్రలో ఉండగా కురిసి పోయిందని ఏడేళ్ల ప్రకాశ్ ఒక ఏడాది పొర్లి పొర్లి ఏడ్చాడు. అప్పటి నుంచి మృగశిర వస్తే చాలు, రోజూ సూరు కింద తాంబాళం బోర్లించి పడుకునేది. చినుకు పడి అది మోగితే, వాడు చెంగున లేచి వాకిట్లోకి ఉరికేవాడు. తర్వాత పెంకుటిల్లు పోయి స్లాబు వచ్చింది. తాంబాళమూ పోయింది. కోడలు వచ్చేసరికి సూరే లేదు. మొగుడు చెప్పి ఉంటాడులే అని ఆమె మనసు చివరిసారి గట్టిగా పెనుగులాడింది.

హన్మంతు ఆఖరి మాటలు చదివాడు.

"ఈ యాడాది తాంబాళం ఇంట్ల పెట్టుకోయే అవ్వా.
ఈడ మబ్బు లేదు."

కోరుట్లలో మబ్బు లేకపోవడమేమిటి? బయట ఆకాశం నల్లగానే ఉంది. మబ్బు లేనిది కొడుకు ఉన్న చోటే.

"ప్రేమలతా, వాడు ఏడున్నడే?"

ప్రేమలత సంచి కింద పెట్టింది. నిన్నటి నుంచి బిగబట్టిన ఏడుపంతా ఒక్కసారిగా బయటపడింది. "కంపెనీ జీతం ఇస్తలేదని బయటికి ఎల్లిపోయిండు అత్తమ్మా. పాస్‌పోర్టు ఆళ్ల తాననే ఉన్నది. దాక్కొని కూలి చేస్తుండు, రాలేడు. అవ్వకు తెలిస్తే అన్నం ముట్టదని నాతోని ఒట్టు ఏపిచ్చుకున్నడు. ఫోన్ల ఆయన చెప్తుంటే నేను రాసిన. ఆయన పేరేస్తే పట్టుకుంటరని నా పేరేసిన."

"నిన్ను ఎల్లగొట్టేదాక అచ్చిన గదనే! ఒక్క మాటన్న అనకపోతివి!"

"ఒట్టు అత్తమ్మా."

సమ్మవ్వ ఇంతమందిని అనుమానించింది, వానల మీద ఏడ్చిన ప్రతివాణ్ణీ తిట్టింది. సెలవు దొరకలేదన్న కొడుకు గొంతును మాత్రం అనుమానించలేకపోయింది. కోడలి సంచి తీసుకుని లోపల దండెం కింద పెట్టి వచ్చింది. వినోద్‌కు చెంబుతో నీళ్లు ఇచ్చింది.

ఫోన్లో హన్మంతు ఇంకా పిలుస్తూనే ఉన్నాడు. "అమ్మా, ఉన్నవా? కట్ అయిందా? మస్తు రాసినవమ్మా. ఇంకా రాయాలె నువ్వు."

సమ్మవ్వ వినోద్ చేతిలో నుంచి ఫోన్ తీసుకుంది. ఈసారి తన గొంతుతోనే మాట్లాడింది.

"నేను రాయలే బిడ్డా. నా కొడుకు రాసిండు. ఇంకా రాయమని నేను చెప్ప. ఇంటికి రమ్మని చెప్త."