సల్ల మజ్జిగ కాదు

కండ్లకోయలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు నాకొక పిచ్చి ఉండేది: కంప్యూటర్‌లో రాసుకునే ఎడిటర్‌ని ముస్తాబు చెయ్యడం. రంగులు, లైన్ల నంబర్లు, టైపు చేస్తుండగానే మాటలు మార్చేసే ఏర్పాటు, అన్నీ ఒక ఫైలులో రాసి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని తిరిగేదాన్ని. మేడ్చల్‌లో మా ఇంటి కంప్యూటర్‌లో కొత్త వర్షన్ ఉండేది. కాలేజీ ల్యాబ్‌లో ఉన్నది ఓబీరాయని కాలం నాటిది. అక్కడ నా ఫైలు పెట్టగానే, ఇది తెలియదు, అది తెలియదు అంటూ తెర నిండా సణుగుడు. చివరికి ఉపాయం దొరికింది. మాటలు మార్చేదానితో సహా కొత్త హంగులన్నీ ఒక షరతు లోపల పెట్టాను: నీకు తెలిస్తే చెయ్యి, తెలియకపోతే ఊరికే దాటి వెళ్లు. పాతది చప్పుడు లేకుండా తెరుచుకుంది. కిటికీ అవతల హైవే మీది బస్సులు ఎండలో తేలుతున్నట్టున్నాయి. అలిగిన పెద్దమనిషిని బుజ్జగించినంత హాయిగా అనిపించింది.

మాటలు మార్చే ఏర్పాటు వెనక నా ఉక్రోషం ఉంది. నా మాటతీరుకు క్లాసులో నవ్వేవాళ్లు. అందుకే, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేస్తే మా ఇంటి మాటల చోట పుస్తకం మాటలు వచ్చేలా పెట్టుకున్నాను.

అప్పుడే అవ్వ గొంతులో గడ్డ బయటపడింది. ఆపరేషన్ అయ్యాక మాట రాదని డాక్టరు చెప్పేశాడు. అవ్వ ఏడవలేదు. చర్చిలో తానెన్నడూ సాక్ష్యం చెప్పలేదని, దేవుడు చేసిన మేలు తన మాటల్లోనే రాసిపెట్టి, తర్వాత అందరి ముందు చదవమని నన్ను అడిగింది. వయసులో ఉన్నప్పుడు అల్వాల్ వీధుల్లో పెరుగు చిలికిన సల్ల అమ్మి మా నాయినను పెంచిన మనిషి. ఆమె చెబుతుంటే సగం ఇంట్లో టైపు చేశాను. మిగతా సగం, ఆ మాటలు చెవిలో ఉండగానే, మర్నాడు ల్యాబ్‌లో చేశాను.

మొత్తం చదివి వినిపించాను. మొదటి సగం ఎవరి సంగతో విన్నట్టు వింది. రెండో సగానికి లేచి కూర్చుంది.

"మజ్జిగ నేనెన్నడు అమ్మలే బిడ్డా. నేనమ్మింది సల్ల."

ఇంట్లోని కొత్త ఎడిటర్ సల్లనంతా మజ్జిగ చేసేసింది. ల్యాబ్‌లోని పాతది మాత్రం షరతులో నేను చెప్పినట్టే మాటలు మార్చే లైను దాటి వెళ్లి, అవ్వ మాటను ముట్టుకోలేదు. నాకు నవ్వొచ్చింది, వెంటనే దుఃఖమూ వచ్చింది. ఆ లైను తీసేసి, మొదటి సగం ఆమెను అడుగుతూ మళ్లీ టైపు చేశాను. గొంతు జీరబోతున్నా అవ్వ ఆపలేదు.

ఆపరేషన్ అయ్యాక ఒక ఆదివారం అవ్వ మెడ చుట్టూ కొంగు కప్పుకుని చర్చిలో ముందు వరసలో కూర్చుంది. నేను చదువుతూ, వీధి మొదట్లో ఆమె వేసే కేక దగ్గరికి వచ్చాను. "సల్లో, సల్ల" అన్నాను. నా నోట అది పాఠం అప్పజెప్పినట్టే వచ్చింది. అంతవరకు నన్నే చూస్తున్న ఒక ముసలామె మెల్లగా అవ్వ వైపు తిరిగింది. తర్వాత ఒక్కొక్కరే తిరిగారు. అవ్వ పెదాలు నాకంటే ఒక మాట ముందు కదులుతున్నాయి. నేను కాగితం దించి, ఆ పెదాలను చూస్తూ చదివాను.