గ్రాఫు అడుగున సున్నా

చెరుకురసం పులిసేకొద్దీ అందులో సూక్ష్మజీవులు ఎంత జోరుగా పెరుగుతాయో చూపించడం నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు. లెక్క వందల్నించి కోట్లకి పోతుంది కాబట్టి ఒక్కో గీతకీ విలువ పదింతలయ్యే లాగ్ స్కేలు మీదే గ్రాఫు గీయాలి. కంప్యూటరేమో గీతల పక్కన వెయ్యికి బదులు 1E+03 లాంటి పిచ్చి రాతలు వేస్తోంది. అవి పోయి 1, 10, 100, 1000 అని శుభ్రంగా పడేలా ప్రోగ్రాం రాసేను. ఇవాళ చోడవరంలో కరెంటున్న కాసేపట్లో ప్రింటు తీయించి, మురిసిపోతూ మా గైడు సారు చేతిలో పెట్టేను.

సారు అడుగునున్న 1 మీద వేలు పెట్టేరు.

"సున్నా ఏదమ్మా? రెండు గీతలూ కలిసేచోట సున్నా ఉండాలని టెన్త్‌లోనే సెప్పలేదేటి నీకు?"

"ఈ స్కేల్లో సున్నా రాదండి. పదితో భాగించుకుంటూ ఎంత కిందికెళ్లినా సున్నా తగలదు. బలవంతంగా ఇస్తే ప్రోగ్రామే ఆగిపోతంది సార్."

"అయితే నీ ప్రోగ్రామే తప్పు. సున్నా లేందే నేను సంతకం పెట్టను."

ఎల్లుండే వైవా. సంతకం లేకపోతే రికార్డు తీసుకోరు. గ్రాఫు మళ్లీ సారు ముందుకే జరిపేను. చివరికి సారుకే జాలేసింది కాబోలు, ఎర్రపెన్నుతో 1 కొట్టేసి, పక్కన గుండ్రంగా సున్నా చుట్టి, కింద సంతకం పెట్టేరు. "మళ్లీ ప్రింటెందుకు, ఇదే బైండు చేయించీ" అన్నారు.

వైవాకి విశాఖపట్నం నుంచి ఇంకో ప్రొఫెసరు వస్తారు. "ఈ సున్నా ఎవరు పెట్టేరమ్మా?" అని అడక్క మానరు. మా సారు ఆయన పక్క కుర్చీలోనే కూర్చుంటారు.

ఏం చెప్పమంటారు?